వత్తి సైజు

కుఓపియోలో, రేవుకి రెండు వీధుల ఇవతల నా కొట్టు.
ఎడమ అర వాడుకునేవాళ్లది,
కుడి అర దాచుకునేవాళ్లది.
ముప్పయ్యేళ్లుగా పొద్దున్నే ఇలాగే సర్దుతాను.
సాయంత్రానికి అన్నీ కలిసిపోతాయి.

మే నెల మొదలు.
సరస్సు మీద మంచు మాసిన గాజులా నల్లబడుతోంది.
పడవల మీద టార్పాలిన్లు విప్పుతున్నారు.
ఇక వస్తారు జనం,
ఇంకా రాని వేసవికి
ముందే బేరమాడ్డానికి.

ఓయివా అందరికంటే ముందు.
పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి వేరుచేసి రిటైరైన మనిషి.
జేబులోంచి భూతద్దం తీస్తాడు.
లాంతరు తిరగేసి అడుగున ముద్ర చదువుతాడు.
రంగు లేచిందా, చిమ్నీ అసలుదేనా,
అట్టపెట్టె ఉందా, పెట్టెలో కాగితం ఉందా.
"వెలిగించి చూపించనా?" అంటే
పసిదానికి వాత పెడతానన్నట్టు చూస్తాడు.
ఇంట్లో నలభై ఒక్క లాంతర్లున్నాయట.
మొన్న గాలివానకి కరెంటు పోయినప్పుడు
ఫోను వెలుతురులో రొట్టె తిన్నానని
తనే చెప్పి తనే నవ్వాడు.

నేను నవ్వలేదు.
బర్చ్ బుడిపెని తొలిచి మా నాన్న చేసిన గిన్నె
పగులుతుందేమోనన్న భయంతో
పెళ్లినాటి నుంచి బీరువాలోనే ఉంది.
తాగని గిన్నె కూడా పగులుతుందని
ఈ చలికాలమే తెలిసింది.

హిల్కా అలా కాదు.
వలలు వేసే చేతులు. చెప్పులకి చేపపొలుసు.
మడతకుర్చీలో కూర్చుంటుంది, లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది.
కిర్రుమందా, పక్కన పెట్టేస్తుంది:
"పిట్టలు లేచిపోతాయి."
ఫ్లాస్కు మూత తొడుగులు వేసుకునే తిప్పుతుంది:
"అక్టోబరులో వేళ్లకి తెలివుండదు."
కత్తి పదును చూడదు, పిడి తడిపి చూస్తుంది.
ధర చీటీ చివర్న, అదీ ఒక కంటితో.

ఆ రోజు కుడి అర దగ్గర ఆగింది.
నీలం ఎనామిల్ కెటిల్, అంచు మీద గోరంత పెచ్చు లేచింది.
"కాసిని నీళ్లివ్వు," అంది.
నింపి, వంచి, నా పాత సింకులోకి పోసింది.
సన్నని ధార. ఆపగానే ఆగింది.
ముక్కు చివర ఒక్క బొట్టు వేలాడలేదు.

ఓయివా గొంతు వెనక నుంచి వచ్చింది:
"అది నేను నాలుగు వారాలుగా చూస్తున్నది."
"చూస్తే కాఫీ కాగుతుందా?"
"ఆ నీలం మళ్లీ దొరకదమ్మా, రెండేళ్లే పోశారు దాన్ని."
"నీలం సంగతి సరే. బాగా పోస్తోందిగా."
ఇద్దరూ నా వైపు తిరిగారు.
కొట్టు పెట్టినవాడికి ఇదొక శిక్ష.
ఇద్దరూ నిజమే చెబుతున్నారు,
వస్తువు ఒక్కటే.

తగవు నేను తీర్చలేదు. హిల్కా డబ్బులు లెక్కపెట్టేసింది.
తలుపు దగ్గరికెళ్లి ఆగింది.
"నా పడవలో రెండో బల్ల ఖాళీయే.
ఆదివారం దీవి దగ్గర దీంట్లోనే కాఫీ పెడతా.
నీలం చూసుకోవచ్చు, పొగ పట్టకముందు."
తర్వాత, గంట మోగుతుండగా, గుమ్మం అవతలి నుంచి:
"ఇప్పుడు రాత్రుళ్లు తెల్లగానే ఉంటాయిలే.
సెప్టెంబరుకి మాత్రం ఒక లాంతరు పట్టుకురా.
వెలిగేది."

ఓయివా చాలాసేపు కుడి అర ముందే నిలబడ్డాడు.
భూతద్దం తీశాడు, మళ్లీ జేబులో పెట్టేశాడు.
కెటిల్ ఉన్నచోట దుమ్ములో గుండ్రటి మచ్చ.
దాన్ని వేలితో తుడిచి,
మొదటిసారి ఎడమ వైపుకి వచ్చాడు.

"వత్తులున్నాయా?"
"ఉన్నాయి. ఏ సైజు?"

నలభై ఒక్క లాంతర్ల ఆసామి
నా మొహంలోకి చూసి
చెవుల దాకా ఎర్రబడ్డాడు.