బొటనవేలి లెక్క

గూడూరు రైలుకట్ట అవతల
జిలానీ పాత సామాన్ల కొట్టు.
చక్రం ఊడిన కుట్టుమిషన్ల వెనక
గడ్డి పరిచిన మూడు టేకుపెట్టెలు.
"మైకా షావుకార్ల బంగళావి. ఫ్రాన్సు సరుకు.
నూరేళ్ళు దాటినాయి మేడమ్" అన్నాడు.
వయసు చెప్పి ధర పెంచుకునేది
పింగాణీ ఒక్కటే కాబోలు.

ఆదివారం ఎనిమిదిమంది భోజనానికి వస్తున్నారు.
నేను చదువుకునే వచ్చాను:
అడుగున ముద్ర చూడాలి,
బంగారు అంచు అరిగి ఉంటే నమ్మాలి, మెరుస్తుంటే అనుమానించాలి,
గోటితో మీటితే గంటలా పలకాలి,
మొద్దుగా పలికితే లోపల బీట.

తోడొచ్చింది చెంగమ్మత్త.
ముద్రలు చదవలేదు.
పదేళ్ళప్పుడే మైకా షెడ్డులో కూర్చుని
కత్తిమొనతో అభ్రకం పొరలు చీల్చిన మనిషి.
ఆ పొరలు ఓడెక్కి ఏ దేశం పోయాయో
ఆమెకెవరూ చెప్పలేదు.

ప్లేటంచు మీద బొటనవేలు నడిపింది, కళ్ళు మూసుకుని.
"ఇది మందం. వొద్దు.
ఇది ఒకపక్క పల్చన, ఒకపక్క కాదు. చేత్తో చేసుంటారు. తీసుకో."
గుమ్మంలోకి పోయి ఎండకెత్తి పట్టింది.
తెల్లటి పింగాణీ వెనక నాలుగు వేళ్ళ నీడ,
పాలలో ఈదే చేపపిల్లల్లా.
జిలానీ కూడా టీ గ్లాసు దించి చూశాడు.

ఒక ప్లేటుకు చుట్టూ ఆరు గుంతలు, నడుమ ఒకటి.
"ఆల్చిప్పలు తినేదానికంట" అన్నాడు జిలానీ.
"గుంతపొంగణాల పెనం గదా ఇది" అంది అత్త.
ఫోర్కుల వీపున ఎవరివో పెళ్ళినాటి పొడి అక్షరాలు.
అక్కడ బోర్లించి పెడతారట, పేరు పైకి కనబడాలని.
"ఏ దేశమైనా అంతేమే" అంది,
"మా అమ్మ బిందె మీద గూడా పేరుండేది. కుదవ పెట్టినాక
వాళ్ళ ఇంట్లో గూడా ఆ పేరే ఉండేది."

పన్నెండు ప్లేట్ల పూర్తి సెట్టు, నీలిపూల తీగ,
నా చెయ్యి దాని మీదే ఉంది.
"అన్నీ ఒక్క తీరున ఉంటే
వొచ్చినోళ్ళు ప్లేటు చూస్తారు, కూడు చూడరు."
ఎనిమిది ఏరింది, ఏ రెండింటికీ పొత్తు లేనివి.
తొమ్మిదోది, పగిలితే ఇత్తడి తీగతో కుట్టిందాన్ని,
జిలానీ ఊరికే ఇస్తానన్నాడు.
అత్త ఒప్పుకోలేదు. "కుట్టినోడి కూలి ఉండాది దాంట్లో."
బొడ్లోంచి ఇరవై రూపాయలు తీసి ఇచ్చింది.

ఆదివారం.
మూతకు ఉల్లిగడ్డ పిడి ఉన్న సూపు గిన్నెలో
నిన్న కాచిన కొర్రమేను పులుసు, మామిడికాయ ముక్కలతో.
ఆల్చిప్పల గుంతల్లో చింతకాయ తొక్కు, ఉలవచారు,
కందిపొడి, పేరుకున్న నెయ్యి.
చదును ప్లేట్లలో పులుసు అంచు దాటి పారింది.
అప్పుడు తెలిసింది అత్త లోతు ప్లేట్లే ఎక్కువ ఎందుకు ఏరిందో.
నేనే చదునువి రెండు మధ్యలో దూర్చాను.
అవి తగిలింది లెక్చరర్ పిచ్చిరెడ్డి గారికీ, వాళ్ళ తమ్ముడికీ.
ఫోర్కులు బోర్లా పడుకునే ఉన్నాయి,
ఎవరూ పేరు అడగలేదు.
చివర కుట్టుప్లేటులో ఆకూ వక్కా.

రాత్రి ఆమె కడిగింది, నేను తుడిచాను.
ఒక్కొక్కటీ బల్బుకెత్తి షెడ్డులోలాగే రకం చెప్పింది,
కానీ ప్లేట్లకు కాదు:
"ఆ డాక్టరమ్మ క్లియరు.
లెక్చరరు కొంచెం మచ్చ.
ఆయన తమ్ముడు... ఏమో మే, పులుసు రెండుసార్లు ఏసుకున్నాడు,
క్లియరులోనే రాసుకో."

"మరి నేను?"

తడిచెయ్యి చీరకు తుడుచుకుని
నా గడ్డం పట్టి బల్బు వైపు తిప్పింది.
బొటనవేలు చెంప మీద ఆగింది.
"నీకింకా పై పొర తియ్యాల."