క్వైట్

మెయిల్లో ఒకటే ముక్క:
‘లేసు క్వైట్ గుడ్.’

నిఘంటువు తీశాను.
క్వైట్ అంటే పూర్తిగా అంది.
ఓ గీత దిగితే, ఓ మోస్తరుగా అని కూడా అంది.
ఆ రెంటి మధ్యా మూడు నెలల అల్లిక,
కాసులమ్మ వేలికి క్రోషే సూది తవ్విన గుంట,
వశిష్ఠ గాలికి ఆరేసిన నలభై టేబుల్ గుడ్డలు.

మన నరసాపురంలో ఇంత కష్టం లేదు.
"ఆహా, పులుసు అదిరిందమ్మా" అన్నవాడి
చెయ్యి కంచంలో ఎటు తిరిగిందో చూస్తే చాలు.
"తమరు పెద్దోరు కదండీ"లో
ఆ అండీ ఎంత సాగిందో
రేవులో పంటు ఎక్కే పిల్లలు కూడా కొలిచేస్తారు.
ఈయన మాటకి మూతి లేదు, కనుబొమ్మ లేదు.
ఇస్త్రీ చేసిన అక్షరాలు.

పొగిడాడా, పొడిచాడా?
సాగదీసి ఒకసారి చదివాను,
తుంచి ఒకసారి.

కాసులమ్మ సూది ఆపకుండానే అడిగింది,
"డబ్బులేశాడా?"
"వేశాడు. సగం."
"అయితే మనమూ ఒక్క ముక్కే రాద్దాం. ఆయ్ అని."
"ఆయ్ అంటే అతనికేం తెలుస్తుంది?"
"ఆయ్," అంది.

తలెత్తలేదు.
అది ఔననో, నన్నో,
ఇంకా తేల్చుకోలేదు.