జేబుల పట్టేది

ప్రకాశం బజారుల ఖలీల్ భాయ్ ఫ్యాన్సీ దుకాణంల
గంటసేపటి సంది నిలబడ్డ.
ఎడమ జేబుల పట్టాలె.
కూసున్నప్పుడు తొడకు గుచ్చొద్దు.
తీసినప్పుడు ఎవ్వలికీ అనుమానం రావొద్దు.
"ఏం కావాలె, జల్ది చెప్పు మాస్టర్" అంటడు.
మనసుల మాట పట్టేటిది ఏదన్న ఉన్నదా భాయ్ అని
ఎట్ల అడుగుదు?

పేకముక్కలు మొదటి ఏడాదే ఇడిసిపెట్టిన.
చండూరు అంగట్ల కట్ట తీసి కలుపుతుంటె
ముందు వరుస మొగోళ్ళు ముక్కను చూడలే,
రోడ్డు దిక్కు చూసిండ్రు, జీపొస్తదేమోనని.
ఆళ్ళ మనసు చదువుడు నాకు పెద్ద కష్టం కాలే.

తోలు పర్సు మంచిదే.
లోపటి అరల మడిచిన చీటీని
చూడనట్టే చూడొచ్చు.
కాని పర్సు తెరిస్తె మనుషులకు
అప్పు గుర్తుకొస్తది.
"ఓ అంకె తలుసుకోండ్రి" అన్న మునుగోడుల.
బోరు మెకానిక్ మైసయ్య తలుసుకున్నది
పద్దెనిమిది వేల నాలుగొందలు.
వంద లోపట అని చెప్పుడు
నేనే మర్చిపోయిన.

కవరు తీస్తె కోర్టు కాయితమనుకుంటరు.
చిన్న నోటుబుక్కు తీస్తె
వారం వారం కిస్తీలకొచ్చే ఫైనాన్స్ పోరడనుకొని
ఒకామె ఇంట్లకు పోయి తలుపేసుకున్నది.
అగ్గిపెట్టెను బడి గేటు కాడనే గుంజుకుంటడు హెడ్మాస్టరు.

గోటి కింద ఇముడే పెన్సిల్ ముక్క ఒకటున్నది.
బియ్యపుగింజంత.
పాలమూరు గడియారం కాడ మా ఉస్తాద్ చేతుల పెట్టిండు,
దవాఖానకు పోయే ముందట.
దాని సంగతి ఇంతకంటె చెప్పను, ఒట్టు పెట్టుకున్న.

మొన్న మర్రిగూడ బడి వాకిట్ల
ఈదమ్మను ముందుకు పిలిచిన.
ఒక పేరు రాయమ్మా, నాకు చూపకు, మడిచియ్యి అన్న.
"రాయరాదు బిడ్డ."
చెవుల చెప్పు అంటె ఇంక ఆటేముంటది?
పోరగాండ్లు నవ్వవట్టిరి.
ఆమె బొటనవేలికి నీలం సిరా ఆరలే ఇంకా.
ఆ చెయ్యి పట్టుకున్న, కండ్లు మూసుకున్న,
"పింఛన్... పోస్టాఫీసు...
సగమే వచ్చిందని రంది వడుతున్నవు" అన్న.
చప్పట్లు.
ఆ చప్పట్ల నడుమ కొంచెం వంగి
నాకొక్కనికే ఇనపడేటట్టు
"అది కాదు" అన్నది.
"అయినా పదిమందిల నీ ఇజ్జత్ ఎందుకు తియ్యాలె,
ఔననే అంట తియ్యి."
వంగని మోకాళ్ళతోటి మెల్లగ పోయి
బల్ల మీద కూసున్నది.

పదకొండేండ్ల సంది ఇదే పని.
నా కడుపుల దడను అంత సాఫుగ చదివినోళ్ళు లేరు,
జేబు లేదు ఆమెకు, గోటి కింద ఏం లేదు.
ఆ పేరేందో నాకిప్పటిదాక తెల్వదు.

భాయ్‌కి ఓపిక ఎక్కువ. సిరా మెత్త చూపిండు,
"రాయరానోళ్ళకు ఇది పనికొస్తది" అని.
వద్దన్న.
ఖాళీ కాయితం మీద వేలు పెట్టి
రెండెకురాలు పోగొట్టుకున్న ఇండ్లు
నేను తిరిగే ఊర్లల్ల మస్తున్నయి.

దువ్వెనల పక్కన, దుమ్ముల,
ఓ సున్నపు డబ్బి. ఇత్తడిది. మూత బిగువు.
ఈదమ్మ రొండిన దోపుకున్నది గూడ ఇసొంటిదే.
తెరిచిన. లోపట ఏం లేదు,
అంచుకు ఎవ్వలిదో ఎండిన సున్నం తప్ప.
గిండ్ల చెప్పు తల్లీ అనొచ్చు,
పెదవి కదపకుండ చెప్పు, మూత నువ్వే పెట్టు.
రాయొచ్చినోళ్ళు చెప్పొచ్చు, రానోళ్ళు చెప్పొచ్చు.
అటెన్క నేనెట్ల తెలుసుకుంట?
ఆడికే ఆగింది. ఆట ఇంకా కుదరలే.

"డెబ్బై ఇయ్యి" అన్నడు భాయ్.
నా మనసుల నలభై ఉన్నది, నోరు తెరవలే.
మొఖం దిక్కు చూసిండు.
"సరే, యాభై."

దేవరకొండ బస్సెక్కి కూసున్న.
తొడకు గుచ్చుతనే ఉన్నది.