అడుగు కంటే పొడుగైన అడుగు

నా కొలబద్ద అబద్ధాలకోరు.
దాని మీద అడుగు అని గీసిన చోట
అడుగూ, ఇంకో గోధుమ గింజంతా ఉంటుంది.
కరిగిన అల్యూమినియం చల్లారుతూ చిక్కిపోతుంది కదా,
చిక్కబోయేదంతా ముందే కలుపుకున్న బద్ద ఇది.
చేతికిస్తూ మా నాన్న చెప్పింది ఒక్క మాటే:
"దీంతో కర్టెన్లు కొలవకు, థర్జా."
కొలిచాను.
ఇప్పటికీ అవి నేలమీద ఈడుస్తూనే ఉన్నాయి.

డడ్లీలో, కాలువ పక్క సందులో నా షెడ్డు.
మార్చి వానలో పోస్టుమాన్ డెస్మండ్
ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చాడు, నిండా నార్వే బిళ్ళలు.
డబ్బాలో ఉన్ని మేజోడు,
మేజోడులో సగానికి విరిగిన టైమింగ్ కవరు.
వైవర్న్ బండిది, ముప్పై నాలుగు మోడలు.

ఆ కంపెనీ మూతపడి అరవై ఏళ్ళు.
డ్రాయింగులు చిత్తుకాగితాల లెక్కన తూకానికి పోయాయి,
చెక్క నమూనాలు ఆఖరి చలికాలం పొయ్యిలోకి.
ఆ మంటకి చేతులు కాచుకున్నవాళ్ళలో
మా నాన్న కూడా ఉన్నాడు.
బాగా మండాయనేవాడు.

"మిగతా సగం ఫియోర్డు అడుగున ఉంది.
కొత్తది అచ్చు గుద్దినట్టు ఉండాలి.
ఇట్లు, టోర్‌బ్యోర్న్ ఐకెలాండ్."

ఉన్న సగాన్ని ఎంతసేపు చూసినా
లేని సగం చెప్పదు.
హెరిఫర్డ్ దగ్గర ఒకావిడకి అదే బండి ఉందంటే వెళ్ళాను.
కోళ్ళ గూట్లో ఉంది. సీటు మీద కోడి పొదుగుతోంది.
దానికి కోపం రాకుండా మోకాళ్ళ మీద వంగి
కవరు విప్పి, మైనం అద్దుకుని,
మర్యాదకి ఆరు గుడ్లు కొనుక్కుని వచ్చాను.

బడిబల్ల మహాగనీ తీశాను.
పిల్లలెవరో చెక్కిన పేర్లు
చిత్రిక కింద చుట్టలు చుట్టుకుని రాలాయి.
నిటారు గోడని ఇసుక వదలదు,
ప్రతి గోడకీ రవ్వంత వాలు నేర్పాలి.

అప్పుడు కనిపించింది,
కవరు లోపలివైపు, నూనె తప్ప ఎవరూ తాకని చోట,
ఉలి జారిన గీత.
మైనం తీసి చూశాను. హెరిఫర్డ్ దానికీ ఉంది, అక్కడే.
అంటే నమూనాలోనే జారింది.
ముప్పై నాలుగులో ఒకడికి చెయ్యి తప్పితే
ఆ ఏడు పుట్టిన బళ్ళన్నిటికీ
ఒకే పుట్టుమచ్చ.

అచ్చు గుద్దినట్టు అన్నాడాయన.
సరే, జారాలి.
కావాలని జారడం ఎంత కష్టమో చేసి చూడండి.
ఒకసారి మరీ లోతు, ఒకసారి మరీ నాజూకు,
ఒకసారి ముగ్గులా వచ్చింది.
పుట్టీ పెట్టి పూడ్చి, అరగదీసి, మళ్ళీ.
ఏడోసారి ఊపిరి బిగబట్టుకుని ఉండగా
డెస్మండ్ తలుపు బాదాడు.
ఉలి జారింది.
ఎంత బాగా జారిందో!
అంగుళం పక్కన.

పూడ్చబుద్ధి కాలేదు.

గురువారం పోత పోశాం, నేనూ, పక్క షెడ్డు ఇక్బాలూ.
ఏడువందల డిగ్రీల వెలుగు
కాఫీలో పాలంత నిమ్మళంగా ఇసుకలోకి దిగింది.
కొలిమి మూత చెవి కాలుతుంటే
చేతికందిన ఏదో గుడ్డతో పట్టుకున్నాను.
తెల్లారి ఇసుక విదిల్చి మామూలు బద్ద పెట్టాను.
అడుగు అడుగులాగే ఉంది.

జూన్‌లో జవాబు వచ్చింది.
"బండి కదిలింది. నూనె కారుతోంది,
మునుపు కారిన చోటే. ఎలా సాధించారు?
లోపలి గీత చూశాను. అది మీదేననుకుంటాను, ఉండనివ్వండి.
మేజోడు మాత్రం పంపండి.
రెండోది నా దగ్గరే ఉంది."

ఇక్బాల్ నవ్వుతూనే ఉన్నాడు.
కొలిమి పక్క మేకుకి వేలాడుతోంది అది,
మడమ దగ్గర మాడి, నల్లగా, గట్టిపడి.

బూడిద రంగు ఉన్ని కొన్నాను, సూదులు కొన్నాను.
మిగిలినంత మేరా కొలత తీసుకోవాలి.
ఉన్ని కూడా ఉతికితే చిక్కుతుందంటారు.
గోడకి రెండు బద్దలూ పక్కపక్కనే ఉన్నాయి.
ఏది తియ్యాలో తేలడం లేదు.