రెండో నంబరు ఫ్యాను

ఊరంతా చెమటలో నానుతోంది.
దాబా మీద ఎండేసిన చేప కూడా
తడారనంటోంది.
నేనొక్కణ్ణే
రెండో నంబరు ఫ్యాను కింద
దుప్పటి కోసం తడుముకుంటున్నాను.

"ఏటయ్యా, ఈ ఉక్కలో నీకు సలేటి!"
కాసులమ్మ కొంగుతో మెడ తుడుచుకుని
మూడుకి తిప్పుతుంది.
నేను లేచి ఒకటికి తెస్తాను.
నడిరేయి దాకా ఆ రెగ్యులేటరు
ఇద్దరు లాగే ఒక్క తెడ్డు.

నాకే నవ్వొస్తుంది.
ఇరవై ఆరేళ్లు ఐసు ఫ్యాక్టరీలో బతికినవాణ్ణి.
హార్బరు గేటు పక్కన నీలం రేకుల షెడ్డు,
తెల్లారగట్ల మూడింటికి
ఉప్పునీళ్ల తొట్టిలోంచి డబ్బాలు లేపి,
దిమ్మని కొక్కెంతో ఈడ్చి
క్రషర్లోకి తోసేవాణ్ణి.
వట్టి కాళ్లు. భుజమ్మీద గోనెపట్టా.
ఓ బుగ్గన ఐసుముక్క, రెండో బుగ్గన బీడీ.
"నీ ఒంట్లో ఉన్నది నెత్తురు కాదురా, డీజిలు"
అనేవాడు గరికిన మసేను.

అప్పట్లో చలి బయటి సరుకు.
తూచి, లెక్క రాసి,
బోటెక్కించి పంపేస్తే
మళ్లీ మూడింటి దాకా దాని మొహం చూసేది లేదు.
ఇప్పుడు మడమల్లో దిగింది.
దింపుకునే కూలీ దొరకడు.

కాళ్లు మంచులా ఉన్నాయంటాను.
కాసులమ్మ పాదం పట్టి చూసి
"ఎచ్చగానే ఉన్నాది కదా" అంటుంది.
ఆమె చెయ్యి అబద్ధమాడదు.
నా కాలూ ఆడదు.

కేజీహెచ్‌లో కుర్ర డాక్టరమ్మ
కళ్లు మూసుకోమంది.
రెండు కొమ్ముల ఇనప కడ్డీ ఒకటి మోగించి
"బొటనవేలి మీద తెలుస్తోందా తాతా?" అంది.
తెలుస్తోందమ్మా, బాగా తెలుస్తోందన్నాను.
కళ్లు తెరిస్తే
కడ్డీ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

షుగరుకి నరాలు మొద్దుబారాయట.
మొద్దుబారిన నరం నోరు మూసుకోదట.
మునిగిపోయిన బోటులో
వైర్‌లెస్ సెట్టు ఇంకా పలుకుతున్నట్టు
చలి, చలి, చలి అంటూనే ఉంటుందట.
ఈ బోటు మాట నేనన్నదే,
ఆమె కాగితం మీద మాత్రలు రాసిచ్చింది, అంతే.

మొన్న జెల్ల ముల్లు మడమలో దిగింది.
వంటింటి దాకా ఎర్రగా అచ్చులేసుకుంటూ నడిచి
ఈ నెత్తురెవరిదని నేనే అడిగాను.
మనవరాలు నా కాలు చూపించి ఏడ్చింది.
ఉన్న ముల్లు తెలీలేదు.
లేని చలికి మాత్రం పళ్లు కొట్టుకుంటున్నాయి.

పోయిన శీతాకాలం
జనం బళ్లు కట్టుకుని లంబసింగి పోయారు,
చలిని చూసి రావడానికి.
నన్నడిగితే పెట్రోలు ఖర్చు లేకుండా చూపించేవాణ్ణి.
వేడినీళ్ల బేసిన్లో కాళ్లు పెట్టబోతే
కాసులమ్మ కసిరి ఆపింది.
ముందు తన మోచెయ్యి ముంచింది,
పసిగుడ్డుకి తొలినీళ్లు పోసేటప్పటిలా.
కాసేపలాగే ఉంచి
"ఊ, ఇప్పుడెట్టు" అంది.
కాలడానికి నా కాళ్లకి
ఆమె మోచెయ్యి అనుమతి కావాలి.
మర్నాడు పూర్ణా మార్కెట్ నుంచి మేజోళ్లు తెచ్చింది,
చిలకపచ్చవి, అవే చవకట.

ఇవాళ నిద్ర పట్టక
మూడింటికి హార్బరు వేపు నడిచాను.
లుంగీ, చెప్పులు, చిలకపచ్చ మేజోళ్లు.
ఐసు కుర్రాళ్లు చూసి ఈలేశారు.
తోపుడుబండి గతుకులో పడి
గుప్పెడు ఐసు నా ముందు జారింది.

వంగి ఒక ముక్క తీశాను.
అరచెయ్యి చురుక్కుమంది.
గట్టిగా మూశాను.
వేళ్ల సందుల్లోంచి కారి
మణికట్టు దాటి మోచేతి దాకా వచ్చింది.
కరిగింది. అయిపోయింది.
ఎంతకాలమైందో
అయిపోయే చలిని ముట్టుకుని.

ఇంటికొచ్చేసరికి
ఫ్యాను మూడు మీద తిరుగుతోంది.
కాసులమ్మ నోరు తెరిచి నిద్రపోతోంది,
నుదుట చెమట ఆరి ఉంది.
తిప్పలేదు.
మేజోళ్లు విప్పకుండా
గోడవేపు తిరిగి పడుకున్నాను.