మెదడు గడిలో అడ్డగీత

తార్నాకలో బస్సు దిగి నేను చేసే పనేమిటో
ఎవరికీ సరిగ్గా చెప్పలేదు ఇప్పటిదాకా.
ఎలుకల్ని చూసుకుంటానంటాను. నవ్వుతారు. ఊరుకుంటాను.

ఈ ఉదయం ముప్ఫై.
తోకను గోరువెచ్చటి నీళ్ళలో ముంచితే
నరం నీలంగా తేలుతుంది.
మందు మాత్రం ఎరుపు,
రంజాన్ సాయంత్రాల్లో మదీనా దగ్గర పోసే షర్బత్ రంగు.

ఐదు నిమిషాలు. అరగంట. నాలుగ్గంటలు. రేపు ఇదే వేళ.
ఒక్కో వేళకు ఆరు ప్రాణాలు,
ఏ మందూ ఎక్కించని ఆరు, పోల్చడానికి.

మంచు మీద రేకు పళ్ళెం.
తడి అద్ది, తూచి, రాస్తాను.
గుండె: గ్రాములో ఎనిమిదో వంతు.
అంత చిన్నదాంట్లోకీ దూరి కూచుంటుంది మందు
పిలవని పేరంటానికొచ్చినట్టు.
కాలేయం నిండా ఉంటుంది. ప్లీహాన్ని వదలనంటుంది.
మరి డొక్కలో మేం నాటిన గడ్డలోకో?
వెళ్తుంది, వెళ్ళదని కాదు,
అంచుల దాకా.
నడిమధ్య సంగతి దాక్షాయణి గారు పేపర్లో రాస్తారు.

బోనులు కడిగే అండాలు
మూడు వారాలకోసారి సెలవు పెడుతుంది.
రెడ్‌హిల్స్‌లో ఆమెకూ ఇదే ఎరుపు, సీసా పెద్దది.
తలకు ఆకుపచ్చ స్కార్ఫు.
నేల తుడుస్తూ నా కాగితంలోకి తొంగిచూసి
"గీ గడిల గీత గీసినవేంది మేడం?" అంది.
మెదడు, అన్నాను. అక్కడికి పోదు.
నెత్తురుకీ దానికీ మధ్య గోడ ఉంటుంది.

మాప్ కర్ర మీద గడ్డం ఆనించి నిలబడింది.
"అట్లనా.
ఎంటికలు వోయినయ్. నోట్ల రుచి వోయింది.
గోర్లు నల్లవడ్డయ్.
గదొక్కటే వోతలేదు.
మా ఆయన చేసిన అప్పు ఎవలెవలికి ఎంతనో
చిల్లర పైసల్తో సహా యాదికున్నది."
నవ్విందా? మాస్కు ఉంది, తెలియలేదు.

సాయంత్రానికి రేపటి ఆరే మిగిలాయి.
ఒకటి మీసాలు కడుక్కుంటోంది.
రంపపు పొట్టు మీద ఎర్రటి తడి.
మొన్న చేరిన కుర్రాడు నెత్తురనుకుని కేకేశాడు.
అండాలు గ్లవ్స్ తొడుక్కుని వచ్చింది.
"నెత్తురు గాదు, మందే. ఉచ్చల వోతది.
నాకు గూడ మొదటి దినం గిట్లనే,
బాత్రూంల కూసోని ఏడ్సిన."

తడి పొట్టు తీసేసి
కొత్తది పోసింది,
మామూలు కంటే రెండు గుప్పిళ్ళు ఎక్కువ.