ఆ కొమ్మవి

నాలుగో వరుస, పదకొండో చెట్టు,
తూర్పు తీగ మీదికి పాకిన కొమ్మ.

తోటంతా గోలీలంత గుండ్రటి కాయ,
దీనికి మాత్రం చిటికెనవేలంత పొడుగు.
అదే వేరు, అదే డ్రిప్పు నీళ్లు,
దెగ్లూరు అంగడి నుంచి తెచ్చిన అదే మందు.
రోగమనుకున్న.
కత్తెర తీసిన.

"ఆగు సేటూ" అన్నది బుచ్చవ్వ,
ఇరవై ఏండ్ల సంది మా తోట కత్తిరించే మనిషి.
ఒకటి తెంపి నోట్లేసుకొని
చానా సేపు ఏమీ అనలే.
కొంగు అంచు చింపి కొమ్మకు కట్టింది, ఎర్ర పీలిక.
"అక్టోబర్ల కత్తెర పట్టినోళ్లకు
కండ్లుంటయో లేదో."

తుమ్మెద తెచ్చింది కాదు, గింజల నుంచి వచ్చింది కాదు.
మొగ్గ ఇంకా పెసరగింజంత ఉన్నప్పుడు
లోపల్లోపల ఒక కణం
తన రాతను తానే చూసి రాసుకుంటూ
ఒక అక్షరం తప్పింది.
ఆ తప్పే ఆకు తొడిగింది.

మా తాతను చింతలవారు అనేటోళ్లు.
లెండి వాగు ఇవతల బడిల
మరాఠీ పంతులు చింతల్వార్ అని రాసిండు.
ఎవరూ దిద్దలే.
నా బిడ్డ ఆ పేరుతోనే పరీక్ష పాసయింది.

పన్నెండు పుల్లలు కోసి, తడి గోనెల చుట్టి,
అడవి వేరు మీద అంటు కట్టినం.
ఏడు ఎండినయ్.
బతికిన అయిదింట్ల రెండు, కాతకొచ్చేసరికి,
మళ్లా గుండ్రటి కాయే కాసినయ్.
"పుట్టింటికి పోయినయ్ తియ్" అని నవ్వింది బుచ్చవ్వ.
నాకు నవ్వు రాలే. అప్పు తెచ్చి కట్టిన అంట్లు.

నాందేడు నుంచి ఆఫీసరొచ్చి
కాయను కొలిచిండు,
అద్దం మీద రసం చుక్కేసి
ఎండకెత్తి తీపి చూసిండు.
పేరేం పెడతరని అడిగిండు.
కాయితంల ఆ గడి ఇంకా ఖాళీగనే ఉన్నది.
బుచ్చవ్వ పేరు పెడదామంటే
"నేనేమన్న కన్ననా దాన్ని" అని
రెండు రోజులు పనికి రాలే.

డబ్బాల మీద మాత్రం బిడ్డ బొగ్గుతో రాస్తది:
ఆ కొమ్మవి.
బేరగాళ్లు కూడా అట్లనే అడుగుతున్నరు.

ఇప్పుడు తోటల నడిస్తే
ప్రతి మొగ్గ కాడ కాలు ఆగుతది.
కత్తెర జేబులనే ఉంటది.

పీలిక ఎరుపు వెలిసిపోయింది.
ముడి అట్లనే ఉన్నది.
కొమ్మ లావెక్కి
దాన్ని కొంచెం లోపలికి మింగింది.